స్పీకరు కుర్చీకి పెన్సిలమ్మ పోటీ

సభలో అందరికీ ఆవిడ పెన్సిలమ్మే. మంత్రులకీ పెన్సిలమ్మే, ప్రతిపక్షానికీ పెన్సిలమ్మే, క్యాంటీన్లో టీ పోసే ఆయనకీ పెన్సిలమ్మే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు.

స్పీకరు కుర్చీ కింద, సభ నడిమధ్య, ఒక పొడవాటి బల్ల ఉంటుంది. ఆ బల్ల చివర కూర్చుని, ఎవరు ఏ మాటంటే ఆ మాట షార్ట్‌హ్యాండులో ఎక్కించుకోవడం ఆవిడ ఉద్యోగం. పది నిమిషాలు రాయాలి, లేచి పక్కగదికి పరిగెత్తి టైపు చేయాలి, మళ్లీ వంతు వచ్చేసరికి వచ్చి కూర్చోవాలి. తోటివాళ్లంతా పెన్నులతో రాసేవారు. ఈవిడ మాత్రం నాలుగు పెన్సిళ్లు చెక్కుకుని బల్ల మీద పెట్టుకుని, అయిదోది జుట్టు ముడిలో గుచ్చుకునేది. ఎవరైనా అడిగితే, "మంత్రిగారు మంచి ఊపు మీదున్నప్పుడు పెన్ను మొరాయిస్తే ఆయన్ని ఆగమంటానా?" అనేది. ఇరవై ఆరేళ్లు అలా గడిచిపోయాయి.

ఆ విద్య ఆవిడకి ఇంట్లో ఎవరూ నేర్పలేదు. నాన్న దర్జీ. పదో క్లాసు అయ్యాక కూతుర్ని కుట్టుమిషను దగ్గర కూర్చోబెడదామనుకున్నాడు. పిల్ల ససేమిరా అంది. సైకిలు షాపు మీద డాబాలో ఒక టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. అక్కడి మాస్టారు చేతిలో గడియారం పట్టుకుని పేపర్లో సంపాదకీయం గబగబా చదివేవాడు, పిల్లలు రాయాలి. నెలనెలా వేగం పెంచేవాడు. ఏడాది తిరిగేసరికి క్లాసంతా చేతులెత్తేసింది, ఈ దర్జీ కూతురు ఒక్కతీ మిగిలింది. చివరికొకరోజు మాస్టారికే ఆయాసం వచ్చి గడియారం బల్ల మీద పెట్టేశాడు. "ఇంక నా వల్ల కాదమ్మా, నీ చేతికి సరిపడా వాగేవాళ్లు ఒక్క చట్టసభలోనే ఉంటారు, అక్కడికి దరఖాస్తు పెట్టుకో" అన్నాడు. ఆయన వెటకారానికన్నాడో, మనస్ఫూర్తిగా అన్నాడో గానీ ఆవిడ పెట్టుకుంది. ఉద్యోగం చేతికి రావడానికి మాత్రం పదేళ్లు పట్టింది.

ఆ బల్ల చివర్నుంచి ఆవిడ ఏడుగురు స్పీకర్లని చూసింది. స్పీకరంటే సభకి పెద్ద. ఏ పార్టీ నుంచి వచ్చినా ఆ కుర్చీ ఎక్కాక పార్టీని గుమ్మం బయట వదిలేసి రావాలి. ఎవరు ఎంతసేపు మాట్లాడాలో, ఎవరు కూర్చోవాలో, ఓటు ఎటు నెగ్గిందో ఆయనే చెప్పాలి. పుస్తకాల్లో అలాగే ఉంది. ఏడుగురిలో ఒక్కాయనే ఆ మాట నిలబెట్టుకున్నాడని ఆవిడ అనేది. ఆయనకి ఒక చెవి వినపడదు. ఎవరు లేచినా కుర్చీలో ఆ పక్కకి పూర్తిగా తిరిగి, చెయ్యి చెవి వెనక పెట్టుకుని వినేవాడు. మిగతా ఆరుగురికీ రెండు చెవులూ శుభ్రంగా పనిచేసేవి. అదే వచ్చిన చిక్కు.

ఏడో స్పీకరు హయాంలో అద్దె ఇళ్ల బిల్లు వచ్చింది. అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయించాలంటే ఇంటివాళ్లు మూడు నెలల ముందు చెప్పాలని పాత చట్టం. దాన్ని నెలరోజులకి కుదించాలని కొత్త బిల్లు. ఊళ్లో సగం మంది అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లే. పెన్సిలమ్మ కూడా పాతికేళ్లుగా ఒకే మేడ మీద రెండు గదుల్లో అద్దెకి ఉంటోంది.

చర్చ తూతూమంత్రంగా ముగిసింది. స్పీకరు లేచి, "అవుననేవారు అవుననండి" అన్నాడు. అన్నారు. "కాదనేవారు కాదనండి" అన్నాడు. ఈసారి సభ దద్దరిల్లింది. పెన్సిలమ్మ చెవుల సాక్షిగా కాదన్న గొంతులే ఎక్కువ. స్పీకరు మాత్రం తల ఎత్తకుండా, "మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గింది" అని కాగితాలు సర్దుకున్నాడు. "లెక్క పెట్టండి! లెక్క పెట్టండి!" అని పదకొండు మంది లేచి అరుస్తూనే ఉన్నారు. లెక్క పెట్టమని ఎవరైనా అడిగితే మూజువాణి చెల్లదు, తలలు లెక్కపెట్టి తీరాలి. అది రూలు. ఆయన వినపడనట్టే దిగి వెళ్లిపోయాడు.

ఆ పూట వంతు పెన్సిలమ్మది. విన్నది విన్నట్టు రాసింది. సాయంత్రం సభ ఉప కార్యదర్శి ఆవిణ్ణి తన గదికి పిలిపించాడు.

"ఆ 'లెక్క పెట్టండి' అన్న ముక్కలు తీసేసి, 'లెక్కింపు ఎవరూ కోరలేదు' అని ఒక్క వాక్యం చేర్చమ్మా" అన్నాడు.

"ఆ వాక్యం ఎవరన్నారండీ?"

"ఎవరూ అనలేదు. అందుకేగా చేర్చమంటున్నాను."

"ఎవరూ అనని మాట నేను రాయలేనండీ. నాకు షార్ట్‌హ్యాండు వచ్చు గానీ, కథలు రాయడం రాదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు, ఇంకో ఏడాదిలో ప్రమోషన్ ఉన్నవాడు. "ఇరవై ఆరేళ్ల సర్వీసు పాడుచేసుకోకు" అన్నాడు మెల్లగా.

"పాడు కాకూడదనే రాయనంటున్నాను" అని లేచి వచ్చేసింది.

వారం తిరక్కుండా ఆవిణ్ణి నేలమాళిగలో పాత రికార్డుల గదికి బదిలీ చేశారు. కిటికీ లేదు. పైకప్పు మీదుగా నీటి గొట్టాలు గురకపెడుతూ ఉంటాయి. వందేళ్ల సభ కార్యక్రమాలు బైండు చేసిన పుస్తకాలుగా గోడల నిండా ఉంటాయి. వాటి దుమ్ము దులపడం కొత్త ఉద్యోగం. శిక్ష వేశామని పైవాళ్లు చేతులు దులుపుకున్నారు. ఆవిడ మాత్రం దుమ్ము దులిపిన ప్రతి పుస్తకాన్నీ తెరిచి చదవడం మొదలుపెట్టింది. మూడేళ్లు చదివింది. ఏ స్పీకరు ఎప్పుడు ఏ తీర్పిచ్చాడు, ఎవరు ఎదురుతిరిగారు, చివరికి ఏది నిలబడింది, అన్నీ ఆవిడకి నోటికొచ్చేశాయి.

ఒకరోజు అద్దె ఇళ్ల బిల్లు ఉన్న పుస్తకం అచ్చయి ఆ గదికే వచ్చింది. తెరిచి చూసింది. 'లెక్కింపు ఎవరూ కోరలేదు.' ఎవరో ఆ వాక్యం చేర్చారు. అద్దెకున్నవాళ్ల సంఘం కోర్టుకెక్కితే, సభ లోపలి సంగతుల్లో తాము తలదూర్చబోమని కోర్టు చేతులు కడుక్కుంది. పుస్తకాన్ని దాని వరసలో పెట్టడానికి ఆవిడ నిచ్చెనెక్కింది. పెట్టి, అక్కడే కాసేపు నిలబడిపోయింది. కోపం కాస్తా తన మీదకే తిరిగింది. తాను రాయనన్నది ఒక్కసారి. అంతకుముందు ఇరవై ఆరేళ్లలో, గొంతులు ఒకలా వినపడి కుర్చీ ఇంకోలా చెప్పిన రోజులు ఎన్ని? ఆ రోజుల్లో కుర్చీ ఏం చెబితే అదే రాసి ఊరుకుంది కదా! నిచ్చెన దిగేసరికి రిటైరయ్యాక ఏం చేయాలో తేల్చేసుకుంది.

మొగుడు ఫ్రిజ్ మెకానిక్కు. మాట తక్కువ మనిషి. ఎన్నికల్లో నిలబడతానని ఆవిడ చెప్పిన రోజున, చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టి ఆవిడ కేసి తిరిగాడు.

"ఏ పార్టీ?"

"ఏ పార్టీ కాదు."

"గెలిచేదాకా వెళ్తావా, ఊరికే సరదాకా?"

"ఏమండీ, నేనెప్పుడైనా సరదాకి మేడ మెట్లెక్కడం చూశారా?"

నిజంగానే ఎక్కింది. ఆ పేటలో అన్నీ మూడంతస్తుల అద్దె మేడలు. మెట్లెక్కి ప్రతి తలుపూ తట్టింది. కింద రోడ్డు మీద కుర్చీ వేసుకుని అత్తగారు కూర్చునేది. అత్తగారికి ఎనభై ఒకటి. నోరు మాత్రం పాతికేళ్ల నోరు. "మా కోడలు పైకెళ్లింది, వచ్చేదాకా నాతో మాట్లాడు నాయనా" అని దారిన పోయేవాళ్లని ఆపేసేది. కోడలికి పడిన ఓట్లలో సగం అత్తగారు ఆపిన మనుషులవేనని పేటంతా చెప్పుకున్నారు. బొటాబొటీ మెజారిటీతో పెన్సిలమ్మ గెలిచింది.

ఆసారి ఎన్నికల్లో ఎవరికీ సరైన మెజారిటీ రాలేదు. నూట ఇరవై మంది సభలో అధికార పక్షం చిన్నాచితకా వాళ్లని కలుపుకుని, కిందామీదా పడి అరవై ఎనిమిదికి చేరింది. అధికార పక్షం తరఫున ఒక లాయరుగారు స్పీకరు పదవికి నిలబడుతున్నారని తెలిసింది. నెమ్మదైన మనిషే, మూడుసార్లు గెలిచినవాడు. ప్రతిపక్షం ఓడిపోయే పోటీకి ఎవరినీ పెట్టదలుచుకోలేదు. అంతా ఏకగ్రీవమే అనుకుంటుండగా పెన్సిలమ్మ తాను నిలబడతానని చెప్పింది.

సభంతా ముక్కున వేలేసుకుంది. మొదటిసారి గెలిచిన మనిషి! అందులోనూ నిన్నటిదాకా అదే సభలో గుమస్తా!

ఇంట్లోనూ గొడవే. "మెంబరువయ్యావు, బాగుంది. ఇప్పుడా కుర్చీ కూడా కావాలా?" అన్నాడు మొగుడు.

"ఆ కుర్చీ కోసమే మెంబరయ్యాను."

"పరువు పోతుందే. పది ఓట్లు కూడా రావు."

"వచ్చిన పదీ లెక్కపెడతారుగా. అది చాలు."

రెండు రోజుల తరువాత, మధ్యాహ్నం పూట, అధికార పక్షం విప్పు మేడ మెట్లెక్కి వచ్చాడు. తమ సభ్యులు ఎటు ఓటెయ్యాలో చెప్పి, వేయించే మనిషి. మంచి సెంటు వాసన, ఇస్త్రీ చొక్కా. ముందుగదిలో ఒకరి ఫ్రిజ్ విప్పి పరిచి ఉండటంతో ఆయన్ని వంటగదిలోకే పిలిచి స్టూలు వేశారు. అత్తగారు బఠానీలు ఒలుస్తోంది.

"అమ్మా, మీ అనుభవం మాకు తెలియంది కాదు" అని మొదలుపెట్టాడాయన. "లాయరుగారు కావాలంటే తప్పుకుంటారు. మేమందరం మీకే వేస్తాం. ఏకగ్రీవంగా ఎక్కిస్తాం. మీరు మాకో చిన్న సాయం చేయాలి."

"చెప్పండి."

"ఈ ఏడాది మూడు బిల్లులున్నాయి. మూడే. వాటికి చర్చ ఒక్కో గంటలో ముగించి, మూజువాణితో కానిచ్చేస్తే చాలు. మిగతా ఏడాదంతా మీ ఇష్టం. మీ న్యాయం మీరు చేసుకోండి."

పెన్సిలమ్మకి నవ్వొచ్చింది. "అంటే ఏడాదిలో మూడు రోజులు మీ మనిషిగా ఉండి, మిగతా రోజులు ఎవరి మనిషీ కాకుండా ఉండమంటారు."

"రాజకీయమన్నాక పట్టువిడుపులుండాలి కదమ్మా."

"మీరు పట్టుకున్నారు, నన్ను విడవమంటున్నారు. వద్దండీ. నేను ఓట్లడిగి నిలబడతాను."

విప్పు ఇల్లంతా ఒకసారి కలయజూశాడు. "మంచి గదులు. గాలీ వెలుతురూ ఉన్నాయి. మీ ఇంటి ఓనరు మాకు బాగా కావలసినవాడు" అన్నాడు, ఏదో మాటవరసకన్నట్టు.

అత్తగారు బఠానీల గిన్నె కింద పెట్టింది. "నాయనా, మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త. రెండో మలుపు దగ్గర చీకటిగా ఉంటుంది. మీకు బాగా కావలసిన ఆ ఓనర్ని ఆరేళ్ల నుంచి బల్బు పెట్టమని అడుగుతున్నాం" అంది.

మర్నాడు నోటీసు వచ్చింది. నెలరోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలి. ఆ నెలరోజులూ తాను కళ్లారా చూస్తుండగా నెగ్గిందనిపించిన చట్టంలోవే. కాగితం మీద ఖాళీ చేయాల్సిన తారీకు చూసి మొగుడు బల్ల మీద కూలబడ్డాడు. స్పీకరు ఎన్నిక తారీకూ అదే.

పెన్సిలమ్మ కూడా చతికిలబడింది, అబద్ధమెందుకు. ముప్ఫై ఏళ్లకి దగ్గరపడ్డ ఇల్లు. కూతురు పుట్టిందీ, పెళ్లయి వెళ్లిందీ అక్కడినుంచే. ఆ పూట ఎవరికీ అన్నం సయించలేదు. "నేను తప్పుకుంటానని ఒక్క ఫోను చేస్తే ఈ కాగితం వెనక్కి పోతుంది" అంది చివరికి, మొగుడి మొహంలోకి చూడకుండా.

అంతవరకూ పోటీ వద్దని పోరిన మనిషి ఒక్కసారిగా లేచాడు. "అదెలా కుదురుతుంది? నా పెళ్లాం తనంతట తాను మానుకుంటే అది వేరు. ఎవడో అద్దె కాగితం చూపించి మాన్పిస్తాడా? నువ్వు వెళ్లి నీ పని చూడు. ఇల్లు నేను మారుస్తాను." పెళ్లయిన ముప్ఫై నాలుగేళ్లలో ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

నామినేషన్‌కి ఒకరు ప్రతిపాదించాలి, ఒకరు బలపరచాలి. ప్రతిపక్షంలో ఒక పళ్లడాక్టరు ఉన్నాడు. పార్టీని అడక్కుండానే, "నేను ప్రతిపాదిస్తానమ్మా. ఆ బల్ల దగ్గర ఉన్నన్నాళ్లూ నా ప్రసంగాల్లో వ్యాకరణం దిద్దింది మీరే" అన్నాడు. బలపరచడానికి మాత్రం చాలామంది మొహం చాటేశారు. చివరికి అధికార పక్షంలోనే, ఒకప్పుడు బస్సు నడిపిన ఒకావిడ ముందుకొచ్చింది. "మా విప్పు నన్ను చంపేస్తాడు. పర్లేదక్కా, ఎక్కడ సంతకం?" అంది.

ఎన్నిక రోజున పొద్దున్నే లారీ వచ్చింది. మంచాలు, పెట్టెలు, అత్తగారి కుర్చీ రోడ్డు మీద ఉన్నాయి. వాటి మధ్య నుంచి పెన్సిలమ్మ చేతిసంచీ పట్టుకుని బస్సెక్కింది. సభకి చేరేసరికి మడమకి లారీ గ్రీజు అంటుకుని ఉంది. బాత్రూములో కడుక్కుని లోపలికెళ్లింది.

కొత్త స్పీకరు వచ్చేదాకా సభలో అందరికన్నా పెద్ద వయసాయన కుర్చీలో కూర్చుంటాడు. ఆయనా అధికార పక్షమే. రెండు పేర్లూ చదివి, "సభ సమయం వృథా చేయడమెందుకు, మూజువాణిగా తేల్చేద్దాం. లాయరుగారికి అవుననేవారు..." అని ఎత్తుకున్నాడు.

పెన్సిలమ్మ లేచింది. "అధ్యక్షా, ఆగండి."

"కూర్చోండమ్మా. అభ్యర్థులు ఇప్పుడు మాట్లాడకూడదు."

"కూర్చోను."

సభలో చిన్న గోల. విప్పు వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ గొంతు పెంచింది. "స్పీకరు ఎన్నికకి ఒకరికన్నా ఎక్కువ మంది ఉంటే రహస్య ఓటింగు జరగాలి. నలభై ఏడో సంపుటం, రెండువందల పదమూడో పేజీ. అప్పుడు కూడా మీలాగే ఒక పెద్దాయన మూజువాణి అన్నారు. సభ ఒప్పుకోలేదు. ఆ తీర్పుని ఇంతవరకూ ఎవరూ రద్దు చేయలేదు."

"నాకలాంటిదేం గుర్తులేదే" అన్నాడు పెద్దాయన.

"మీకు గుర్తుండక్కర్లేదండీ. కార్యదర్శిగారిని అడగండి."

కార్యదర్శి కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. అదే మనిషి. వాక్యం చేర్చమన్నదీ, నేలమాళిగకి పంపిందీ ఆయనే. ఉప కార్యదర్శి నుంచి కార్యదర్శి అయి మూడేళ్లయింది. పెద్దాయన ఆయన కేసి తిరిగాడు. విప్పు కూడా అటే చూస్తున్నాడు. కార్యదర్శి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన ఎటు మొగ్గుతాడో పెన్సిలమ్మకి అంతుపట్టలేదు. నిలబడే ఉంది.

"ఆవిడ చెప్పింది నిజమేనండి," అన్నాడాయన చివరికి. "రహస్య ఓటే పెట్టాలి."

ఓటింగుకి ముందు ఇద్దరికీ తలా నాలుగు నిమిషాలిచ్చారు. లాయరుగారు సభ గౌరవం గురించి పద్ధతిగా మాట్లాడి కూర్చున్నారు. తరువాత పెన్సిలమ్మ లేచింది. చేతిలో కాగితం లేదు.

"నాకు మూడు నిమిషాలు చాలు," అంది. "ఈ సభలో ఇరవై ఆరేళ్లు మీ మాటలు రాశాను. మీ అందరి గురించీ నాకో సంగతి తెలుసు. ఎవరూ అడ్డుపడకపోతే మీరు చాలా బాగా మాట్లాడతారు. కాకపోతే మీలో చాలామందికి ఆ అదృష్టం ఒక్కసారి కూడా పట్టలేదు."

అటూ ఇటూ నవ్వులు.

"ఏడుగురు స్పీకర్లని ఆ బల్ల దగ్గర్నుంచి చూశాను. అంత ఎత్తున కూర్చున్నవాళ్లకి తెలియదు గానీ, కింద కూర్చున్నవాళ్లకి వాళ్ల కాళ్లు కనపడతాయి. మొహం సభంతటి వైపూ ఉంటుంది. ఓటు పెట్టే ముందు కాళ్లు మాత్రం మంత్రుల వరసకి తిరుగుతాయి. నేను చూసి ఊరుకున్నాను. నా పని రాయడమే అనుకున్నాను. అది నా తప్పు, ఇక్కడే ఒప్పుకుంటున్నాను."

ఇప్పుడెవరూ నవ్వలేదు.

"నన్ను ఎన్నుకుంటే ఏం చేస్తావని చాలామంది అడిగారు. ఏమీ చేయను. మీకూ చేయను, వాళ్లకీ చేయను, నాకు ఓటేసినవాళ్లకి అసలే చేయను. అది మీకు గిట్టకపోతే నాకు వేయకండి. అంతేగానీ గుమస్తా కదా అని మానేయకండి. ఈ సభ గురించి ఆ గుమస్తాకి తెలిసినంత మీలో ఒక్కరికీ తెలియదు. సెలవు."

ఓట్లు వేయడానికి గంట పట్టింది, లెక్కపెట్టడానికి ఇంకో అరగంట. లాయరుగారికి అరవై రెండు. పెన్సిలమ్మకి యాభై ఏడు. ఒకటి చెల్లలేదు, దాని మీద ఎవరో మహానుభావుడు 'ఇద్దరూ మంచివాళ్లే' అని రాశాడు.

యాభై ఏడు! పది కూడా రావనుకున్న మనిషికి! అధికార పక్షం ముందువరసలో చప్పట్లు కొట్టాల్సిన చేతులు కాసేపు మరిచిపోయినట్టు ఉండిపోయాయి. తన వైపు నుంచి ఎవరు జారారా అని విప్పు ఒక్కొక్క మొహమే వెతుక్కున్నాడు. రహస్య ఓటాయె, ఎవర్నని పట్టుకుంటాడు? పెన్సిలమ్మ లేచి వెళ్లి లాయరుగారితో చెయ్యి కలిపింది. ఓడిపోయిన బాధ ఉంది, లేకేం! అయినా కళ్లు తడవనివ్వలేదు. ఆ వరసలో వాళ్లకి అది చూపించదలుచుకోలేదు.

సాయంత్రం కొత్త ఇంటి అడ్రసు కాగితం చూసుకుంటూ వెతుక్కుని వెళ్లింది. ఒకటిన్నర గది. ఫ్రిజ్ గుమ్మంలో ఇరుక్కుపోయి ఉంది. ఊళ్లో అందరి ఫ్రిజ్‌లూ బాగుచేసే మనిషి సొంత ఫ్రిజ్‌ని ఎటూ కదల్చలేక చెమటలు కక్కుతున్నాడు. "ఏమైంది?" అన్నాడు దాని అవతల నుంచి.

"ఓడిపోయాను. యాభై ఏడు వచ్చాయి."

"యాభై ఏడా!" ఫ్రిజ్ వదిలేసి ఆయన చప్పట్లు కొట్టాడు. అది కాస్తా వాలి గోడ గీసుకుంది.

"ఎవరమ్మాయ్ ఆ అరవై రెండు మందీ? జాబితా చెప్పు, ఒక్కొక్కరితో నేను మాట్లాడతాను" అంది అత్తగారు లోపలి నుంచి. ఫ్రిజ్ పక్క సందులోంచి వంగి లోపలికెళ్లి పెన్సిలమ్మ ఆవిడ పక్కన మంచం మీద కూర్చుంది. అప్పుడు ఏడిచింది, కొంచెం.

నాలుగో రోజున కొత్త స్పీకరు తన గదికి కబురుపెట్టాడు. మర్యాదగా కుర్చీ చూపించాడు. "డిప్యూటీ స్పీకరు పదవి ఖాళీగా ఉంది. మా వాళ్లతో మాట్లాడాను. పోటీ లేకుండా మీకే ఇచ్చేద్దామనుకుంటున్నాం. పెద్దమనసుతో తీసుకోండి" అన్నాడు.

"ఎవరిస్తున్నారండీ?"

"మేమే... అంటే, సభ."

"సభ ఇవ్వాలంటే సభని అడగాలి కదండీ. మీరు పంచిపెడితే నేను తీసుకోను. నోటిఫికేషన్ వేయించండి, పోటీ పెట్టండి. నిలబడతాను."

"మళ్లీ ఓడిపోతే?"

"మళ్లీ నిలబడతాను. ఓడిపోవడం నాకెలాగూ అలవాటవుతోంది. నన్ను ఓడించడానికి ప్రతిసారీ ఓట్లు లెక్కపెట్టడం మీవాళ్లకే అలవాటవ్వాలి."

లాయరుగారు చిన్నగా నవ్వి, నోటిఫికేషన్ వేయించారు. మూడు వారాల తరువాత ఎన్నిక జరిగింది. అధికార పక్షం పట్టుదలకి పోయి ఒక మాజీ మంత్రిని నిలబెట్టింది. విప్పు పగలంతా సభ్యుల చుట్టూ తిరిగాడు. పెన్సిలమ్మ ఎవరి గదికీ వెళ్లలేదు, సభ క్యాంటీన్లో ఒక బల్ల దగ్గర కూర్చుని, వచ్చి అడిగినవాళ్లందరికీ 'ఏమీ చేయను' అని ఒకటే సమాధానం చెప్పింది. లెక్క తేలేసరికి ఆవిడకి అరవై నాలుగు.

డిప్యూటీగా మొదటిసారి కుర్చీ ఎక్కిన మధ్యాహ్నం రోడ్ల మీద చర్చ. కింద బల్ల చివర, ఆవిడ పాత చోటులో, తన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి రాసుకుంటోంది. పళ్లడాక్టరు లేచి ఉత్సాహంగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇచ్చిన అయిదు నిమిషాలూ అయిపోయాయి. పెన్సిలమ్మ గంట కొట్టింది. ఆయన నవ్వి, సాగించాడు. రెండోసారి కొట్టింది. "ఒక్క నిమిషం, అధ్యక్షా" అన్నాడు. ఆవిడ మైకు కట్టేయించింది.

డాక్టరు నోరెళ్లబెట్టాడు. తరువాత మైకు లేకుండానే, సభంతా వినపడేలా, "అమ్మా, మిమ్మల్ని ప్రతిపాదించింది నేనండీ!" అని అరిచాడు.

"ఆ సంగతి రికార్డులో ఉందండీ, డాక్టరుగారూ. మీ టైమైపోయింది, కూర్చోండి."

విప్పు బల్ల చరిచి నవ్వాడు. "మీరూ నవ్వు ఆపండి, సభ జరుగుతోంది" అంది ఆవిడ ఆయనతో. డాక్టరు ఉక్రోషంతో కూర్చున్నాడు. వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం, ఆయన కూర్చునేసరికే ఆవిడ, వెనక వరసలో చెయ్యెత్తి ఉన్న ఒక కొత్త సభ్యుణ్ణి లేచి మాట్లాడమని పిలిచింది.